బావ తలమీద రెండు రుమాళ్లు

మా బావ హైకోర్టు జడ్జీ అయినాడు. ఎంతకాలం అని అడగొద్దు. ఒక వక్కాకు నమిలేంత సేపు అనుకోండి. గుంటూరులో కాదు, కర్నూల్లో, మా అక్క ఇంటి వరండాలో, మండే ఎండాకాలం మధ్యాహ్నం పూట అయినాడు. నేను కండ్లారా చూసినాను. నా నోట్లోంచి వచ్చే మాటల్లో సగం కోసి పారేసి మిగిలిందే నమ్మే అలవాటు మా వాళ్లకు ఉంది. ఇందులో కూడా కోయాల్సినవి కొన్ని ఉన్నాయి. చివరిది మాత్రం కోయొద్దని ముందే చెప్తాండా.

అప్పట్లో కర్నూలు రాజధాని. మదరాసు నుంచి విడిపోయిన కొత్త రాష్ట్రానికి సర్కారు మా ఊర్లో కూర్చుంది, హైకోర్టు గుంటూర్లో కూర్చుంది. సర్కారుకు సరిపడా మేడలు యాడుండాయి మా దగ్గర? డేరాలు వేసినారు. మధ్యాహ్నం పూట అక్క వాళ్ల మిద్దె ఎక్కి చూస్తే ఎండమావుల్లో ఆ తెల్లని డేరాలు నేల మీద ఆనకుండా తేలుతున్నట్టు ఉండేవి. ఏదో పెద్ద కొంగల గుంపు తుంగభద్రకు పోతా పోతా అలిసిపోయి మా ఊరి మీద వాలినట్టు. ఎవరన్నా గట్టిగా చప్పట్లు కొడితే రాష్ట్రమంతా లేచి ఎగిరిపోతుందేమో అనిపించేది.

ఒక సాయంకాలం సుడిగాలి వచ్చి ఒక డేరాను గుమాస్తాలతో సహా ఎత్తుకుపోయి కోడుమూరు అవతల బీడులో దించిందని, నీడ దొరికింది కదా అని గొర్రెలోళ్లు మందను లోపలికి తోలినారని, డేరాను వెనక్కి తెచ్చుకునేదాకా ఆ శాఖ పనులు ఏమాత్రం ఆగలేదని నేను చెప్తుంటాను. అది మీరు కోసేయొచ్చు.

నేను మైదుకూరు దగ్గర పల్లెలో పేరుకు సేద్యం చేసేవాణ్ణి. వానలు పడని ఏడాది చేనికి నాతో పనుండదు, నాకు చేనితో పనుండదు. అప్పుడు బస్సెక్కి కర్నూలుకు, అక్క ఇంటికి వచ్చేవాణ్ణి. రాజధాని వచ్చినాక వానలు పడిన ఏడాది కూడా వచ్చినాను.

బావ వకీలు. ఆయన సొంత ఊరు కోడుమూరు పక్కన. ఆ ఊర్లో రెండు ఇండ్లు పెత్తనం చేసేవి. మెరక మీద ఉండేది పైఇల్లు, పల్లంలో ఉండేది కిందిల్లు. ఈ రెండు ఇండ్ల మధ్య పగ ఎప్పుడు మొదలైందో వాళ్లకే గుర్తు లేదు కానీ ఊర్లో ప్రతిదీ రెండుగా చీలింది. కర్నూలుకు వచ్చే బస్సులు రెండు, టీ హోటళ్లు రెండు, మంగళ్లు ఇద్దరు. పైఇంటి బస్సెక్కినవాడు కిందింటి హోటల్లో మంచినీళ్లు కూడా తాగడు. వకీలు కూడా అంతే. ఒకసారి ఒక ఇంటి కేసు పట్టినోడు చచ్చేదాకా ఆ ఇంటి వకీలే.

మా బావ ఒక్కడే ఈ కట్టు తెంచినాడు. ఒక కేసులో పైఇంటి తరఫున వాదించి, ఇంకో కేసులో కిందింటి తరఫున నిలబడినాడు. "నేను ఎవని మనిషినీ కాదు" అనేది ఆయన మాట. ఆ మాట నిలబెట్టుకోను ఊరికి పోవాలంటే ఏ బస్సూ ఎక్కకుండా సొంతంగా గుర్రపు జట్కా పెట్టుకున్నాడు. గుర్రం ముసలిది. రెండు బస్సులూ దాన్ని దాటిపోయేవి, రెండింటి దుమ్మూ అది సమానంగా పీల్చేది.

ఒక పొద్దు కోర్టు నుంచి వచ్చి, కోటు విప్పి కొయ్యకు తగిలించి, బావ మెల్లిగా చెప్పినాడు. గుంటూరు నుంచి పెద్ద జడ్జీగారు పంపిన పేర్లలో తన పేరు కూడా ఉందంట. ఇంక మన సర్కారు సరేననాల. ఆ మీదట ఢిల్లీ.

అక్క చేతిలో జొన్నరొట్టె అట్లే నిలిచిపోయింది.

"నీకు అంత ఆశ ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది" అన్నాడు బావ. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆయన ఏదన్నా కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి. "జీవితమంతా కింద నిలబడి ఒగ పక్క మాట్లాడితిని. ఒక్కసారి పైన కూర్చోని రెండు పక్కలా చివరిదాకా వినాలని ఉండాది. ఈ సీమలో ఎవడూ ఎవని మాటా చివరిదాకా విన్ల్యా."

అక్క రొట్టె తట్టలో వేసి, "గుంటూర్లో నీళ్లు దొరకవంట కదరా?" అని నన్ను అడిగింది.

నేను గుంటూరు చూసింటే కదా! అయినా చెప్పినాను. "జడ్జీల ఇండ్లకు అట్ల కాదక్కా. కృష్ణా కాలవలోంచి సన్నపాయ ఒకటి చీల్చి నేరుగా వంటింట్లోకే వదుల్తారు. బిందె వంచితే చాలు. అప్పుడప్పుడూ చేపలు కూడా వస్తాయి, అవి వద్దనుకుంటే జల్లెడ కట్టుకోవాల."

"నువ్వు వంచిన బిందెలు శానా చూసినాలేరా" అనింది అక్క. కానీ ఆ చేపల మాట దగ్గర ఆమె కండ్లు ఒక్క క్షణం యాడికో పోయి వచ్చినాయి.

ఆ రోజు నుంచి బావ జడ్జీ కావడం సాధన చేసినాడు. సెలవు రోజుల్లో భోంచేసి వరండాలో పడక కుర్చీలో వాలేవాడు. కింద బేతంచెర్ల బండలు చల్లగా ఉండేవి, బయట వీధి తెల్లగా కాలేది. జడ్జీలు తక్కువ మాట్లాడాల, ముఖంలో ఏదీ కనపడనీయకూడదు అని ఆయన నమ్మకం. అట్లే కండ్లు మూసుకోని ఎవరేమి అడిగినా "విన్నాను" అనేవాడు. పాలవాడికి "విన్నాను". గుర్రానికి మేత లేదంటే "విన్నాను".

"పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అక్క అడిగితే, "రెండో పక్షం వాదన కూడా వినాల" అన్నాడు ఒకసారి.

"రెండో పక్షం ఎవరు, చింతపండా?" అని అక్క తట్ట లాక్కోని పోయింది.

ఆ కుర్చీలోనే ఆయనకు కలలు వచ్చేవి. లేచినాక నాకు చెప్పేవాడు. ఎత్తయిన కుర్చీ. ముందర వెండి బెత్తం పట్టుకోని నడిచే దఫేదారు. పైన పంకా ఊగుతుంటే గదిలో గాలి కాదు, నీళ్ల చప్పుడు వచ్చేదంట. ఇద్దరు వకీళ్లు ఏదో తెలియని భాషలో వాదిస్తుంటారు, కానీ ఇద్దరిదీ నిజమేనని ఆయనకు అర్థమైతాంటాది. నేను ఊరుకుంటానా? ఆ దఫేదారుకు మీసాలు పెట్టినాను, పంకాకు నెమలీకలు కట్టినాను. మరుసటి మధ్యాహ్నం కలలో ఆ నెమలీకలు ఆయనకు కనపడేవి. ఆ కోర్టును ఆయన కన్నాడో నేను కట్టినానో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఒక రోజు డేరాల వైపు నుంచి ఖద్దరు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చినాడు. కోస్తా ఆయన. పాలించే పార్టీలో మాటలు అటూ ఇటూ మోసే పని ఆయనది. ఆ పార్టీలో రెండు వర్గాలు ఉండేవి, ఆ సంగతి మా గుర్రానికి కూడా తెలుసు.

"మీ పేరు గురించి అందరూ బాగా చెబుతున్నారండి" అన్నాడాయన మజ్జిగ తాగి. "మీరు ఎవరి మనిషో మాత్రం తెలియడం లేదండి."

"నేను ఎవరి మనిషినీ కాను."

ఆయన జాలిగా చూసినాడు. "అలా అంటే ఎలాగండీ? ఒక వర్గం మనిషైతే ఆ వర్గం మీ కోసం పట్టుబడుతుంది, రెండోది అడ్డం తిరుగుతుంది, చివరికి ఏదో ఒకటి కుదురుతుంది. ఎవరి మనిషీ కాకపోతే మీ కోసం పట్టుబట్టేదెవరండీ?"

"చట్టం తెలుసునా అని అడగరా?"

"అది గుంటూరులో అడిగే ఉంటారండి. ఇక్కడ అడిగేది ఇదే. మీరు ఎవరికో ఒకరికి ఒక్క మాట చెప్పించుకోండి."

ఆయన పోయినాక బావ ఖాళీ మజ్జిగ గ్లాసు తీసి గడప లోపల పెట్టి వచ్చినాడు. తరువాత నాతో అన్నాడు. "ఎవరినన్నా అడిగినాననుకో. రేపు ఆ కుర్చీలో నా వీపు ఆనదు అబ్బీ, వాళ్ల వీపు ఆనుతాది."

ఆయన అడగలేదు. కానీ డేరాలకు గోడలు లేవు కదా, మాట బయటపడింది. రెండు బస్సులూ ఎక్కి ఊరికి చేరింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. తలపాగాను మేము రుమాలు అంటాం. ఒక పెద్దింటివాళ్లు ఎవరినన్నా నిలబెట్టాలనుకుంటే, ఎన్నికలో గానీ తగాదాలో గానీ, ఆ ఇంటి పెద్ద తన చేతుల్తో అతని తలకు కొత్త రుమాలు చుడతాడు. వద్దనుకున్నవాడు అప్పటికప్పుడే తీసి ఇచ్చినవాని చేతుల్లో పెట్టాల. తీయకపోతే ఆ ఇంటి మనిషే. తీస్తే ఆ ఇంటికి శత్రువు. మధ్యలో ఇంకేమీ లేదు.

పైఇంటి పెద్దాయన ఒక పొద్దున వచ్చినాడు. పొడుగాటి మనిషి, తెల్లని మీసాలు. చంకలో ఎర్రంచు రుమాలు. బావ సెలవు పూట సాధనలో ఉన్నాడు, కండ్లు మూసుకోని.

"ఏమప్పా వకీలప్పా, జడ్జీ కాబోతాండావంటనే! మాకొగ మాట చెప్పకపోతివి. మా పెద్దమనిషి ఆ డేరాల్లోనే ఉండాడు. నేను పోయి ఒగ మాట చెప్తే అయిపోతాది. చెప్పమంటావా?"

"విన్నాను" అన్నాడు బావ.

"వినేదేముండాదప్పా, చెప్పమంటావా?"

"ఆలోచిస్తాను."

ఆ రెండు మాటలూ జడ్జీ అన్నట్టే అన్నాడు. కానీ మా సీమలో పెద్దాయన ఇంటికొచ్చి నిలబడినప్పుడు "ఆలోచిస్తాను" అంటే సిగ్గుపడి ఒప్పుకున్నట్టు. ఆయన నవ్వి రుమాలు విప్పి బావ తలకు చుట్టినాడు. బావ చేతులు లేచినాయి. చెవుల దాకా వచ్చి ఆగి మళ్లీ కిందికి దిగినాయి.

ఆయన పోయినాక అక్క వాకిట్లోకి వచ్చింది. "ఎందుకు తీసియ్యకపోతివి?"

"తీసింటే ఈ పొద్దే కిందింటోళ్ల మనిషినైతాంటి."

"తీయనందుకు పైఇంటోళ్ల మనిషివైతివి కదా!"

బావ ఆ రుమాలుతోనే కూర్చున్నాడు. తీసేదీ తప్పే, పెట్టుకునేదీ తప్పే. ఏది చిన్న తప్పో తేల్చుకోలేకపోయినాడు. ఇంతలో మధ్యాహ్నం బస్సులో కిందింటి పెద్ద దిగినాడు. ఈయన వయసులో చిన్నోడు, బలమైన మనిషి, నోటి నిండా వక్కాకు. చంకలో ఆకుపచ్చంచు రుమాలు. బావ తల చూసి గడపలోనే నిలబడిపోయినాడు.

"చిన్నాయనా! ఆయప్ప నాకంటే ముందు బస్సుకు వచ్చినాడా? నీకు ఆ ఎరుపు ఏమన్నా బాగుండాదా! మా పెద్దమనిషి కూడా డేరాలోనే ఉండాడు, ఆయప్ప పెద్దమనిషి కంటే పెద్ద డేరాలో. నా మాట విను. ఇదిగో."

బావ ఏమీ అనకముందే ఎర్ర రుమాలు మీదనే పచ్చ రుమాలు చుట్టేసినాడు. మెడ భుజాల్లోకి కుంగింది. ఈసారి బావ చేతులు లేవలేదు. ముఖంలో మెల్లిగా వెలుగు వచ్చింది, ఏదో చిక్కుముడి దానంతట అదే విడిపోయినట్టు.

కిందింటాయన పోయినాక మాతో అన్నాడు. "ఇప్పుడు సరిపోయింది. ఒగటే ఉంటే ఒగ పక్క మనిషిని. రెండూ ఉండాయి కాబట్టి ఏ పక్కా కాదు. ఒగదాన్ని ఒగటి కొట్టేసింది."

ఎండ వాలుతోంది. గోడ మీద ఆయన నీడ పడింది. రెండు రుమాళ్లతో ఆ నీడ ఎంతో ఎత్తు పెరిగి, ఎత్తయిన కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే కనిపించింది. నేను కూడా నమ్మినాను. నమ్మనిది మా అక్క ఒక్కతే. "మెడ పట్టుకుంటాది, తీసి పెట్టు" అనింది.

కొన్నాళ్లు కర్నూలంతా బావకు దండం పెట్టింది. పైఇంటాయన వాళ్ల వర్గం డేరాకు పోయి "మా మనిషి" అన్నాడు. కిందింటాయన వాళ్ల వర్గం డేరాకు పోయి "మా మనిషి" అన్నాడు. అక్క కొత్త బిందెలు తోమి బోర్లించింది. కాలవ పాయ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు గానీ, జల్లెడ ఒకటి ఎందుకో అటక మీంచి దించింది.

ఆ తరువాత ఖద్దరాయన వచ్చినాడు. ఈసారి మజ్జిగ వద్దన్నాడు.

"నా అనుభవంలో ఇలాంటిది చూడలేదండి. రెండు వర్గాలూ మీ కోసం పట్టుబట్టాయి."

"అయితే?" అన్నాడు బావ.

"అదే కొంప ముంచిందండి. వాళ్లు ఇంతగా అడుగుతున్నారంటే లోపల వాళ్ల మనిషే అయి ఉంటాడని వీళ్లు అనుకున్నారు. వీళ్లు అడుగుతున్నారు కాబట్టి వీళ్ల మనిషేనని వాళ్లు అనుకున్నారు. ఇద్దరూ కలిసి వద్దన్నారు. ఆ రెండు వర్గాలూ ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదటిసారండి."

"మరి ఎవరికిచ్చినారు?" అని నేను అడిగినాను.

"ఇద్దరికీ సమానంగా నచ్చని ఆయనకండి" అని గొడుగు విప్పుకోని పోయినాడు.

బావ లేచి పెరట్లోకి పోయి గుర్రానికి దువ్వెన పట్టినాడు. ఆ ముసలిదాన్ని అంత నిగనిగలాడేట్టు ఎవరూ ఎప్పుడూ దువ్వలేదు. తరువాత వచ్చి పడక కుర్చీలో వాలినాడు. కండ్లు మూసుకున్నాడు, కానీ ఈసారి "విన్నాను" అనలేదు. ఎవరన్నా ఏమన్నా అడిగితే మామూలుగా జవాబు చెప్పినాడు. "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అక్క అడిగితే, "సరిపోయింది" అన్నాడు. ఆమె వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

మరుసటి రోజు అక్క రెండు రుమాళ్లనూ ఉతికి ఆరేసింది. బావ కోర్టు కోటుకు వాడే నల్లదారంతో వాటిని పక్కపక్కన పెట్టి కుట్టేసింది. సన్నని కుట్టు, దగ్గర దగ్గరగా. వరండాకు ఎండ పడకుండా కొక్కేలకు కట్టింది. "గుడ్డ గుడ్డే కదా" అనింది అంతే. గాలికి అది మెల్లిగా ఉబ్బేది, ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. దాని కింద వెలుతురు చల్లని నీళ్ల రంగులో పడేది. బావ ఆ నీడలో నిద్రపోయేవాడు.

ఊర్లో మాత్రం కథ ముగియలేదు. చుట్టిన రుమాలు ఫలించకపోతే తిరిగి తీసుకుపోవాల, లేకుంటే రెండో ఇల్లు నవ్వుతాది. ఆ పొద్దు ఒక బస్సు టైరు పగిలి ఆలస్యమైంది. దాంతో ఎప్పుడూ ఒకేసారి రాని రెండు బస్సులూ ఒకేసారి వచ్చినాయి. మధ్యాహ్నం ఎండలో ఇద్దరు పెద్దలూ మా గడప దగ్గర ఎదురుపడినారు. నేను స్తంభం వెనక్కి జరిగినాను. ఇద్దరి నడుముల్లో ఏముండాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"మా రుమాలు ఇయ్యమ్మా, పోతాం" అన్నాడు పైఇంటాయన.

"మాది కూడా" అన్నాడు కిందింటాయన.

అక్క పైకి చూపించింది. "ఆడుండాయి. కుట్టు మీరే ఇప్పుకోండి. ఇప్పేటప్పుడు అవతలోళ్ల గుడ్డ చిరిగితే జవాబు కూడా మీరే చెప్పుకోండి. గొంతు పెంచొద్దు, ఆయన పండుకోనుండాడు."

ఇద్దరూ తలలెత్తి చూసినారు. ఒకరి రుమాలు ఇంకొకరు చింపడమంటే ఏమిటో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పైఇంటాయన చేయి ఒక కొక్కెం దాకా పోయి ఆగింది. ఏమి చేయాలో తోచక చెరొక కొసన బండల మీద కూర్చున్నారు. అక్క మజ్జిగ ఇచ్చింది. ఒకే కుండలోది. తాగినారు.

"నీవల్లనే పోయింది ఆయన కుర్చీ" అన్నాడు కిందింటాయన, గొంతు తగ్గించి.

"నీవల్ల కాదా?" అన్నాడు పైఇంటాయన, ఇంకా తగ్గించి.

నిద్రపోయే మనిషి పక్కన కొట్లాడటం ఎంత కష్టమో అప్పుడు చూసినాను. గట్టిగా అరిచేదానికి లేదు, అడ్డం తగిలేదానికి లేదు. అడ్డం తగిలితే గొంతు లేస్తాది. ఒకరు గుసగుసగా చెప్పడం, రెండోవాడు పండ్లు బిగించుకోని వినడం. కుర్చీ దగ్గర మొదలై మాట బస్సుల మీదికి పోయింది, బస్సుల నుంచి కోర్టులో నలిగే ఒక పాత బావి గట్టు మీదికి, ఆ గట్టు నుంచి వాళ్ల తాతల మీదికి. పైఇంటాయన చెప్పిన ఒక సంగతికి కిందింటాయన "ఇది మాకెవరూ చెప్పల్యా" అన్నాడు. పైన గుడ్డ ఉబ్బింది, తగ్గింది. వీధిలో ఎండ, దూరంగా డేరాల తెలుపు, ఎక్కడా ఒక పిట్ట కూడా కూయలేదు. ఇద్దరూ చెప్పాల్సింది చెప్పేసినట్టున్నారు.

అప్పుడు బావ కండ్లు తెరవకుండా, నేను ఎప్పుడూ వినని నిండు గొంతుతో అన్నాడు.

"ఇరుపక్షాలూ విన్నాం."

ఇద్దరూ లేచి నిలబడినారు.

వాళ్లు లేవాలనుకోని లేవలేదు. జీవితంలో సగం కోర్టుల్లో నిలబడిన మనుషులు, కాళ్లకు అలవాటు. చేతులు కట్టుకున్నారు. భుజం మీది తువ్వాళ్లు చంకలోకి పోయినాయి. బావ కండ్లు తెరిచినాడు. పైనున్న అంచుల పచ్చని, ఎర్రని వెలుతురు ఆయన ముఖం మీద కదులుతోంది. నిలబడిన ఇద్దరినీ చూసినాడు, ఇటు ఒకసారి, అటు ఒకసారి, తొందర లేకుండా. ముఖంలో ఏమీ కనపడలేదు. తల కొంచెం వంచి, మళ్లీ కండ్లు మూసుకున్నాడు. కిందింటాయన నోట్లో వక్కాకు నమిలేది ఆగిపోయి, మళ్లీ మొదలై, అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

బయట బస్సు హారన్ వినపడింది. వెనకనే రెండోది. ఇద్దరూ చెప్పులేసుకోని ఎవరి బస్సు వాళ్లు ఎక్కినారు. రుమాళ్ల మాట ఆ పొద్దు ఎత్తలేదు, ఆ తరువాతా ఎత్తలేదు. సమాధానపడినారా అని అడుగుతారు మీరు. లేదు. కానీ కిందింటాయన ఆ బావి గట్టు కేసు మాత్రం మళ్లీ నడిపించలేదని విన్నాను.

డేరాలు లేచిపోయినాక, సర్కారూ హైకోర్టూ కలిసి హైదరాబాదుకు పోయినాక, ఒక మధ్యాహ్నం అదే నీడలో కూర్చోని బావను అడిగినాను. "ఆ పొద్దు నిజంగానే నిద్రలో ఉంటివా బావా?"

"హైకోర్టును ప్రశ్నలడక్కూడదు. సుప్రీంకోర్టుకు పో" అన్నాడు కండ్లు మూసుకోనే.

వంటింట్లోంచి అక్క గొంతు వినపడింది. "ఆ కోర్టు ఈడుండాది. నిద్రే. గురక కూడా పెట్టినాడు."

బావ ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూసి, మూసుకున్నాడు.

"విన్నాను" అన్నాడు.